ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో కొత్తగా చేరిన పెద్దవాళ్లకి పని ఎలా నేర్పాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కోనసీమ కొబ్బరి | ఆదివారం, ఉదయం 10:20

అందరికీ నమస్కారం. టెక్సాస్‌లో ఒక కమ్యూనిటీ కాలేజీలో, ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసులో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. కొత్త స్టాఫ్‌కి పని నేర్పే బాధ్యత ఈసారి నాకు అప్పగించారు. ముగ్గురు చేరారు. ఒక కుర్రాడికి పాతికేళ్లు, మా కాలేజీలోనే చదివాడు. ఒకామెకి నలభై దాటాయి, హాస్పిటల్ బిల్లింగ్‌లో చేసి వచ్చింది. మూడో ఆవిడకి యాభై ఎనిమిది, ఇరవై రెండేళ్లు బ్యాంకులో లోన్ల విభాగంలో చేశారు.

ముగ్గురినీ కూర్చోబెట్టి మూడు రోజులు క్లాసు చెప్పాను. తొంభై నాలుగు స్లైడ్లు. ఫాఫ్సా ఫారం (ప్రభుత్వ సాయం కోసం విద్యార్థులు నింపే దరఖాస్తు), స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ (దాన్నిబట్టి కుటుంబ స్థోమతని చూపే అంకె), పెల్ గ్రాంట్ (తిరిగి కట్టక్కర్లేని ఫెడరల్ సాయం), వెరిఫికేషన్ (ఫారంలో రాసినదాన్ని కాగితాలతో సరిచూడటం), అన్నీ వరుసగా చెప్పాను. అర్థమైందా అంటే అయిందన్నారు. చివర్లో పెట్టిన క్విజ్‌లో ముగ్గురికీ మంచి మార్కులే వచ్చాయి.

తర్వాతి వారం ఒక అమ్మాయి కౌంటర్‌కి వచ్చింది. వాళ్ల నాన్న ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. ఫాఫ్సాలో రెండేళ్ల కిందటి ఆదాయం చూస్తారు కదా, 2026-27 ఫారంలో 2024 ఆదాయం. ఆ ఏడాది ఆయనకి మంచి జీతం ఉంది, కాబట్టి గ్రాంట్ దాదాపు ఏమీ రాలేదు. కౌంటర్‌లో ఉన్న బ్యాంకావిడ స్క్రీన్ చూసి, "ఫారం ప్రకారం ఇంతేనమ్మా, మేము చేయగలిగేది లేదు" అన్నారు. ఆ అమ్మాయి కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వెళ్లిపోయింది. వెనక గదిలోంచి ఆ మాట చెవిన పడి నేను పార్కింగ్ దాకా పరిగెత్తాను. నాన్న ఉద్యోగం పోయిందంటే ప్రొఫెషనల్ జడ్జిమెంట్ కింద ఆదాయం అంకె సవరించే అధికారం చట్టమే మాకిచ్చింది. ఆ మాట నా యాభై ఒకటో స్లైడ్‌లో ఉంది. ఆవిడ దాన్ని నోట్స్‌లో రాసుకున్నారు కూడా!

ఆ అమ్మాయి కారు స్టార్ట్ చేసి ఉంటే చదువు మానేసేదేమో అన్న ఆలోచనతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తప్పు ఆవిడది కాదు, నేను నేర్పిన తీరులో ఉంది. పెద్దవాళ్లకి నేర్పే పద్ధతి వేరే ఉంటుందని విన్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

---

నేర్పరి | ఆదివారం, మధ్యాహ్నం 1:05

అక్కా, నేను హైదరాబాద్‌లో కంపెనీల స్టాఫ్‌కి ట్రైనింగ్ ఇచ్చే పనిలో ఉన్నాను. మీరు పార్కింగ్ దాకా వెళ్లారని చదవగానే రాయాలనిపించింది.

పిల్లలకి చెప్పినట్టు పెద్దలకి చెబితే పని జరగదు అనే మాటని అమెరికాలో బాగా ప్రచారంలోకి తెచ్చినాయన మాల్కమ్ నోల్స్. 1970ల నాటికే ఆయన చెప్పినదాని సారం ఇది. పెద్దవాళ్లకి ఒక సంగతి ఎందుకు నేర్చుకోవాలో ముందు తెలియాలి. తమ పని తామే చూసుకోగలమన్న గౌరవం వాళ్లకి దక్కాలి. వాళ్ల వెనక ఉన్న అనుభవాన్ని పక్కన పెట్టమనకూడదు. సబ్జెక్టు కోసం కాదు, ఎదురుగా ఉన్న సమస్య తీరడం కోసమే వాళ్లు నేర్చుకుంటారు.

మీ స్లైడ్లలో సమాచారం తప్పని నేననను. వరుస తిరగబడింది. మీరు ముందు రూలు చెప్పి, దాన్ని ఎక్కడ వాడాలో తర్వాత చెప్పారు. ఆ అమ్మాయి ఫైలు, పేరు తీసేసి, మొదటి రోజు పొద్దున్నే ముగ్గురి ముందూ పెట్టి ఉంటే? "ఈ పిల్ల వాళ్ల నాన్న ఉద్యోగం పోయింది. ఫారం ఇలా అంటోంది. మీరైతే ఏం చేస్తారు?" అని అడిగి పది నిమిషాలు ఊరుకోండి. వాళ్లు తన్నుకులాడాక "దీనికో దారి ఉంది" అంటే ఆ మాట ఇక మరిచిపోరు. రూలు అవసరమై వాళ్లే అడగాలి.

ఇంకోటి. బ్యాంకులో ఇరవై రెండేళ్లు చేసిన మనిషి మూడు రోజులు నోరెత్తకుండా స్లైడ్లు చూశారంటే, ఆవిడకి తెలిసినదేమిటో మీరు ఎవరూ అడగలేదన్నమాట.

---

ఓరుగల్లు ఫైలు | ఆదివారం, సాయంత్రం 6:40

చెల్లెమ్మా, నేను హనుమకొండ వైపు ఒక డిగ్రీ కాలేజీల స్కాలర్‌షిప్ సెక్షన్ చూస్త. ఇరవై ఆరేండ్ల సర్వీసు. మీ దేశంల ఫాఫ్సా అయితే మా దగ్గర ఈపాస్, అంటే ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల ఆన్‌లైన్ పోర్టల్. కౌంటర్ అవతల నిలబడ్డ పిల్లల ముఖాలు మాత్రం రెండు చోట్లా ఒకటే.

కాగితం దరఖాస్తులు పోయి అంతా ఆన్‌లైన్ అయినప్పుడు మాకు కూడా ట్రైనింగ్ పెట్టిన్రు. ప్రొజెక్టర్ వేసి గంటన్నర చెప్పి, టీ తాగించి పంపిన్రు. సీటుకొచ్చి కూసున్నంక ఏ బటన్ ఎక్కడుందో కూడా యాదికి లేదు. నేను నేర్చుకున్నది ఒక పిల్లగాని వల్ల. స్టేటస్‌ల డబ్బులు పడ్డయని చూపిస్తుంది, అతని పాస్‌బుక్‌ల లేవు. మూడు నెలలు తిరిగిండు. చివరికి తెలిసిందేందంటే, ఎప్పుడో గ్యాస్ సబ్సిడీ కోసం వాళ్ల అమ్మ తీయించిన వేరే ఖాతాకి అతని ఆధార్ సీడింగ్, అంటే లింక్, అయి ఉంది. మనం ఫారంల ఏ ఖాతా రాసినా, ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) లెక్కల ఆధార్ మ్యాపింగ్ ఏ బ్యాంకుకుంటే డబ్బులు ఆ బ్యాంకుకే పోతయి. ఆ రోజు నుంచి ఫ్రెష్ దరఖాస్తు తీసుకునే ముందు ప్రతి పిల్లనీ "ఆధార్ ఏ బ్యాంకుకి లింక్ అయిందో చూసుకొని రా" అని పంపుత. నాకు ఎవరూ చెప్పలే. ఆ పిల్లగాడు మూడు నెలలు కాళ్లరిగేలా తిరిగి నేర్పిండు. అతనికి అంత కష్టం కాకుండా నేను ముందే నేర్చుకునే దారి ఉంటే బాగుండని ఇప్పటికీ అనిపిస్తది.

అందుకే కొత్త ఆపరేటర్ వస్తే మొదటి వారం నా పక్క కుర్చీల కూసోబెడ్త. నేను చేస్త, వాళ్లు చూస్తరు. రెండో వారం వాళ్లు చేస్తరు, నేను చూస్త. టెన్త్ మెమోల పేరు, ఆధార్‌ల పేరు ఒక అక్షరం తేడా ఉంటే అప్లికేషన్ ఎట్ల ఆగిపోతదో ఒక్కసారి కండ్లారా చూస్తే చాలు.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండ్రి. వయసుల పెద్దవాళ్లని పిల్లల ముందట సరిదిద్దకండ్రి. మీరు ఆ అమ్మాయిని వెనక్కి పిలుచుకొచ్చినప్పుడు ఆవిడ అక్కడే ఉన్నరా?

---

కోనసీమ కొబ్బరి | ఆదివారం, రాత్రి 9:15

అన్నయ్యా, అక్కడే ఉన్నారు. తొందరలో నేనే ఆవిడ కుర్చీ దగ్గర నిలబడి ఆ అమ్మాయికి అంతా చెప్పేశాను. ఆవిడ లేచి నీళ్లు తాగడానికి వెళ్లారు. మీరు అడిగే దాకా నాకది తట్టనేలేదు. రేపు వెళ్లగానే ఆవిడతో విడిగా మాట్లాడతాను.

---

రూలుబుక్ | సోమవారం, ఉదయం 7:50

నాది వేరే అభిప్రాయం. న్యూజెర్సీలో ఒక యూనివర్సిటీలో టైటిల్ ఫోర్ నిధుల (ఫెడరల్ విద్యార్థి సాయం) కంప్లయన్స్, అంటే రూల్స్ ప్రకారం నడుస్తోందా లేదా అన్నది, చూస్తాను. ఇది 1965 నాటి హయ్యర్ ఎడ్యుకేషన్ చట్టం కింద నడిచే పని. కాలేజీ తప్పు చేస్తే ఆ డబ్బు కాలేజీ కట్టాలి. "మీరైతే ఏం చేస్తారు?" అని అడిగి ఊరుకుంటే, ఎవరికి తోచింది వాళ్లు చేయడం అలవాటవుతుంది. ప్రొఫెషనల్ జడ్జిమెంట్ కూడా దయతో చేసేది కాదు. ఏ విద్యార్థికి ఆ విద్యార్థి కారణం, దానికి కాగితం సాక్ష్యం, ఫైలులో రాత, ఇవన్నీ ఉండాలి.

అనుభవాన్ని గౌరవించాలన్నది కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. పాత అనుభవం ఒక్కోసారి అడ్డం వస్తుంది. బ్యాంకులో ఆదాయం తక్కువుంటే రిస్కు ఎక్కువ. మన ఆఫీసులో ఆదాయం తక్కువుంటే అవసరం ఎక్కువ, సాయం ఎక్కువ. ఆ బ్యాంకావిడ బుర్రలో మొదటి లెక్క ఇరవై రెండేళ్లు పాతుకుపోయి ఉంది. "ఫారం ప్రకారం ఇంతే" అన్న మాట అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం. బ్యాంకులో "కుదరదు" అని గట్టిగా చెప్పగలిగినవాళ్లే మంచి ఉద్యోగులు.

---

కోనసీమ కొబ్బరి | సోమవారం, మధ్యాహ్నం 12:30

మీరు చెప్పింది చదివి ఒక్క క్షణం ఆగిపోయాను. మొన్న ఒక కుర్రాడిని ఆవిడ "నీ క్రెడిట్ స్కోరు ఎంత?" అని అడిగారు. అండర్‌గ్రాడ్ విద్యార్థికి ఇచ్చే డైరెక్ట్ లోన్‌కి క్రెడిట్ చెక్కే ఉండదు. తల్లిదండ్రులు తీసుకునే ప్లస్ లోన్‌కి మాత్రం చెడ్డ క్రెడిట్ చరిత్ర ఉందేమో చూస్తారు. ఆవిడకి అది తెలియక కాదు, అడగమని చేతికి అలవాటైపోయింది.

పొద్దున ఆవిడతో మాట్లాడాను. క్షమించమన్నాను. ఆవిడ అన్న మాట ఇది: "బ్యాంకులో మా మేనేజర్ నాకు నేర్పింది ఒకటే, ఆశ పెట్టొద్దు అని. ఆ అమ్మాయికి ఆశ పెట్టకూడదనే అలా చెప్పాను." నా దగ్గర జవాబు లేదు.

---

నేర్పరి | సోమవారం, మధ్యాహ్నం 3:10

రూలుబుక్ గారూ, మీ మాటతో నాకు పేచీ లేదు. పాత అనుభవం అడ్డం వస్తుందన్నది నిజం. జాక్ మెజిరో అనే ఆయన 1970ల చివర్లో దీని మీదే రాశారు. పెద్దవాళ్లు కొత్త సమాచారం చేర్చుకోవడం ఒక ఎత్తు, తాము లోకాన్ని చూసే చూపునే మార్చుకోవడం మరో ఎత్తు. రెండోది జరగాలంటే ముందు పాత చూపు పనికిరాని సందర్భం ఒకటి వాళ్లకి ఎదురవ్వాలి. తర్వాత దాని గురించి నిదానంగా మాట్లాడుకునే మనిషి కావాలి.

అక్కా, ఆ రెండూ ఈ వారంలో మీ ఆఫీసులో జరిగిపోయాయి. ఆవిడ తన పాత సూత్రాన్ని తన నోటితోనే బయటపెట్టారు. ఇప్పుడు ఒక కాగితం మీద రెండు గళ్లు గీసి, "బ్యాంకులో ఇలా చేసేవాళ్లం" ఒకవైపు, "ఇక్కడ ఇలా" రెండోవైపు, ఆవిడ చేతే రాయించండి. అది మిగతా ఇద్దరికీ పనికొస్తుంది.

అంకెలు సరిచూడటం, సంతకాలు పోల్చడం, కోపంగా వచ్చిన మనిషిని కూర్చోబెట్టి మాట్లాడటం, ఇవన్నీ ఆవిడ మీకు నేర్పగలరు. వెరిఫికేషన్ ఫైళ్లు ఆవిడకిచ్చి చూడండి.

---

మొలకల చెరువు | సోమవారం, రాత్రి 8:00

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా ఆఫీసులో ట్రైనింగ్ అంటే ముందు ఒక ఫారం ఇచ్చి నువ్వు చూసి నేర్చుకునే రకమా, విని నేర్చుకునే రకమా అని తేలుస్తారు. అది కూడా చేయాలా?

---

నేర్పరి | సోమవారం, రాత్రి 8:35

అక్కర్లేదండి. మనిషి రకాన్ని బట్టి బోధన మారిస్తే బాగా నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని 2008లో నలుగురు మనస్తత్వ శాస్త్రవేత్తలు పాత పరిశోధనలన్నీ వెతికి తేల్చారు. ఆ సమయం గుర్తు తెచ్చుకునే సాధనకి పెట్టండి. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో ప్రయోగం చేసి చూపించారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్ల కంటే, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకి వారం తర్వాత ఎక్కువ గుర్తుంది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మాత్రం మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. అక్క క్విజ్‌లో మంచి మార్కులు రావడానికి కారణం అదే. క్లాసు అవగానే పెట్టారు.

---

రాత్రిబడి మాస్టారు | మంగళవారం, ఉదయం 6:15

అమ్మా, నేను నెల్లూరు జిల్లాలో రిటైరైన టీచర్ని. మీ కాలేజీ నిధుల గురించి నాకు తెలియదు. పెద్దవాళ్లకి నేర్పడం గురించి మాత్రం కొంచెం తెలుసు. 1991లో మా జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు రాత్రిపూట లాంతరు వెలుగులో చెప్పినవాళ్లలో నేనొకడిని.

మొదట్లో అ, ఆ, ఇ, ఈ దిద్దించాను. పొలం పని చేసి అలిసిపోయిన ఆడవాళ్లు పది నిమిషాల్లో కునుకు తీసేవాళ్లు. వాళ్లకి నిద్ర ఎక్కువని అనుకున్నాను. తర్వాత పాఠాల్లో సారా వల్ల కూలిపోయిన సంసారాల కథ వచ్చింది. ఆ రోజు ఎవరూ నిద్రపోలేదు. చదవడం రానివాళ్లు పక్కవాళ్ల చేత చదివించుకున్నారు. "ఇది మా ఊరి కథేగదా సార్, దీన్ని రాసినాయనకి ఎట్టా తెలిసింది?" అని ఒకామె అడిగింది. 1992లో మా జిల్లాలోని దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. అది జిల్లా అంతా పాకి, 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

నేను చెప్పేది ఇంతేనమ్మా. వాళ్ల బతుకులో ఉన్న మాట పాఠంలో కనబడితే పెద్దవాళ్లు అక్షరాలని వాళ్లంతట వాళ్లే పట్టుకుంటారు. మీ బ్యాంకావిడ ఇంట్లో ఎవరైనా ఇలాంటి సాయంతో చదువుకున్నారేమో కనుక్కోండి.

---

ఓరుగల్లు ఫైలు | మంగళవారం, ఉదయం 9:30

మాస్టారూ, దండాలు. మా అమ్మ కూడా రాత్రిబడిలనే సంతకం నేర్చుకున్నది.

---

నలభైలో నర్సు | మంగళవారం, సాయంత్రం 5:45

కౌంటర్ ఇవతలి వైపు నుంచి చెబుతాను. గ్రీన్‌కార్డు వచ్చాక ముప్పై తొమ్మిదేళ్ల వయసులో ఒహాయోలో నర్సింగ్‌లో చేరాను. ఎయిడ్ ఆఫీసుకి వెళ్తే, "ఫాఫ్సా కోసం మీ ఆయన కూడా అకౌంట్ తెరిచి సంతకం పెట్టాలి" అని వెనక్కి పంపారు. ఆయన షిఫ్టు వదులుకుని వచ్చారు. ఇద్దరం మళ్లీ వెళ్తే వేరే ఆయన చూసి, మీరు ట్యాక్స్ ఉమ్మడిగానే ఫైల్ చేశారు కదా, భర్త విడిగా సంతకం పెట్టాల్సిన పనిలేదన్నారు. మొదటామె కొత్తగా చేరిందట. పాపం, చాలా సార్లు సారీ చెప్పింది.

ఆమె మీద నాకు కోపం లేదు. "నాకు కచ్చితంగా తెలియదు, రెండు నిమిషాలు కూర్చోండి, అడిగి చెబుతాను" అనే మాట ఆమెకి ఎవరైనా నేర్పి ఉంటే బాగుండేది. ఆ ఒక్క వాక్యం మొదటి రోజు నేర్పండి అక్కా. పెద్దవాళ్లకి తెలియదని చెప్పడం చాలా కష్టం, నాకూ కష్టమే. క్లాసులో పద్దెనిమిదేళ్ల పిల్లల ముందు ప్రశ్న అడగడానికి నాకు ఒక సెమిస్టర్ పట్టింది.

---

కోనసీమ కొబ్బరి | బుధవారం, రాత్రి 10:10

మీ అందరి మాటలూ ప్రింట్ తీసి పెట్టుకున్నాను. స్లైడ్లు పక్కన పెట్టి ఒక ఫైలు తయారుచేశాను. మధ్యలో చదువు మానేసిన విద్యార్థి డబ్బు లెక్క, మేం ఆర్‌టూటీఫోర్ అంటాం. సెమిస్టర్‌లో ఎంత శాతం రోజులు ఉన్నాడో ఎయిడ్‌లో అంత శాతమే అతనికి దక్కుతుంది. కొత్తవాళ్లకి అన్నిటికంటే టెన్షన్ దీనితోనే. సరిగ్గా ఉందో లేదో చూడండి, ముఖ్యంగా రూలుబుక్ గారు.

సెమిస్టర్ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా 114 రోజులు. మధ్యలో స్ప్రింగ్ బ్రేక్ ఉంది. విద్యార్థి 42వ రోజున, బ్రేక్ రాకముందే మానేశాడు. అతనికి అందిన ఫెడరల్ ఎయిడ్ 3,000 డాలర్లు, కాలేజీ ఫీజు 1,500. ఇంతే ఇచ్చి, క్యాలెండర్ ప్రింట్ చేతికిచ్చి, లెక్క వేయమన్నాను. రూలు చెప్పలేదు, హ్యాండ్‌బుక్ టేబుల్ మీద పెట్టాను.

కుర్రాడు బ్రేక్ తీయనేలేదు, 114తో భాగించాడు. బిల్లింగ్ ఆమె సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రోజులు తీసింది. బ్యాంకావిడ క్యాలెండర్ మీద వేలు పెట్టి, "ముందు శనివారం, ఆదివారం కూడా క్లాసు లేదు కదా, తర్వాతవి కూడా" అని తొమ్మిది లెక్కపెట్టారు. బ్యాంకులో వడ్డీ రోజులు లెక్కపెట్టిన వేలు అది! 114లో తొమ్మిది పోతే 105. 42ని 105తో భాగిస్తే సరిగ్గా 40 శాతం. అంటే విద్యార్థికి దక్కేది 1,200, దక్కనిది 1,800. కాలేజీ తిరిగి పంపాల్సింది ఫీజులో ఆ దక్కని 60 శాతం, 900 డాలర్లు.

కుర్రాడి లెక్కలో 36.8 శాతం వచ్చింది. విద్యార్థికి 1,104 మాత్రమే దక్కుతుంది. "నా వల్ల వాడికి 96 డాలర్లు పోయేవి" అని తనే అన్నాడు. నేను ఏమీ అనాల్సిన అవసరం రాలేదు.

---

రూలుబుక్ | గురువారం, ఉదయం 7:40

లెక్క సరిగ్గా ఉంది. ఐదు రోజులు, అంతకంటే ఎక్కువ వరుసగా ఉన్న బ్రేక్‌ని ఇలాగే, ఆనుకుని ఉన్న శని ఆదివారాలతో సహా తీసేయాలి. ఇంకో రెండు ఫైళ్లు చేర్చండి. ఒకటి, బ్రేక్ తర్వాత మానేసిన విద్యార్థిది. అప్పుడు పైనున్న అంకెలోంచి (విద్యార్థి ఉన్న రోజుల్లోంచి) కూడా తొమ్మిది తీయాలి. అక్కడ అందరూ పడిపోతారు. రెండోది, 60 శాతం దాటాక మానేసినవాడిది. వాడికి మొత్తం దక్కుతుంది. విద్యార్థి మానేశాడని కాలేజీ తేల్చిన రోజు నుంచి 45 రోజుల్లో డబ్బు వెనక్కి వెళ్లాలన్నది కూడా ఫైలులోనే తేదీల రూపంలో పెట్టండి.

ముందు వాళ్లచేత తప్పు చేయించి తర్వాత హ్యాండ్‌బుక్ తెరిపించడం నాకు మొదట నచ్చలేదు. టేబుల్ మీద చేసిన తప్పుకి ఎవరూ నష్టపోలేదు కదా అని ఇప్పుడు అనుకుంటున్నాను. మా ఆఫీసులో 2026 జులై 1 నుంచి వచ్చే లోన్ మార్పులకి ఇదే పద్ధతి వాడి చూస్తాను. పేరెంట్ ప్లస్ కొత్తగా తీసుకునేవాళ్లకి ఒక్కో విద్యార్థి మీద ఏడాదికి 20,000, మొత్తం మీద 65,000 పరిమితి వస్తోంది. కౌంటర్‌కి వచ్చే తల్లిదండ్రులతో ఆ మాట ఎలా చెప్పాలో స్లైడు మీద నేర్పలేం.

---

కోనసీమ కొబ్బరి | మూడు వారాల తర్వాత, శనివారం, మధ్యాహ్నం 2:20

మాస్టారూ, మీరు కనుక్కోమన్నారు కదా. మధ్యాహ్నం భోజనం దగ్గర అడిగాను. బ్యాంకావిడ చెల్లెలు ఎనభైల్లో కాలేజీలో సీటు వచ్చి కూడా డబ్బు లేక చేరలేదట. పెల్ గ్రాంట్ అనేది ఒకటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. "మాకు ఎవరూ చెప్పలేదు" అన్నారు. ఈ ఆఫీసులో చేరడానికి కారణం అదేనట. మూడు రోజుల క్లాసులో నేను ఆవిడని ఈ ఒక్క ప్రశ్న అడగలేదు.

ఇప్పుడు ప్రతి సోమవారం పొద్దున అరగంట, గత వారం ఇబ్బంది పెట్టిన ఒక ఫైలు పేరు తీసేసి ముందు పెట్టుకుంటున్నాం. ఎవరి ఫైలైతే వాళ్లే చెబుతారు. మొదటి వారం నా ఫైలే పెట్టాను, ఆరేళ్ల కిందట నేను తప్పు చేసింది.

పార్కింగ్ దాకా వెళ్లి తీసుకొచ్చిన అమ్మాయి ఫైలు బ్యాంకావిడకే అప్పగించాను. వాళ్ల నాన్న కంపెనీ ఇచ్చిన లేఖ, చివరి జీతం చీటీ, నిరుద్యోగ భృతి కాగితం అన్నీ ఆవిడే అడిగి తెప్పించారు. ఒక చోట తేదీ తేడా ఉంటే పట్టుకున్నారు. నేను చూస్తే నాకు అది కనిపించేది కాదు. కొత్త లెక్కలో అమ్మాయికి పెల్ గ్రాంట్ వచ్చింది. గరిష్ఠంగా ఇచ్చే 7,395 డాలర్లు కాదుగానీ, ట్యూషన్‌కీ పుస్తకాలకీ సరిపోతుంది. ఫోన్ చేసి చెప్పమని ఆవిడనే అడిగాను. కాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని, తర్వాత చేశారు.

---

ఓరుగల్లు ఫైలు | శనివారం, సాయంత్రం 7:05

చానా సంతోషమైంది చెల్లెమ్మా. మా దగ్గర వచ్చే నెల ఇద్దరు కొత్త ఆపరేటర్లు చేరుతున్నరు. ఆ పిల్లగాని ఖాతా సంగతి ఫైలు లెక్క తయారు చేస్తున్న, పేరు తీసేసి. ముందుగాల పాస్‌బుక్ జిరాక్సు, స్టేటస్ ప్రింటు మాత్రమే ఇస్త, ఎన్‌పీసీఐ మాట చెప్ప. ఎంతసేపు ఆగాలంటరు, పది నిమిషాలు చాలునా?

---

నేర్పరి | శనివారం, సాయంత్రం 7:30

పదిహేను ఆగండి సార్. వాళ్లు మీ ముఖం చూస్తారు, మీరు మాత్రం ఫైలే చూస్తూ ఉండండి.